సెలవులు పన్నెండు రోజులు, దేశాలు ఎన్ని?

సంక్రాంతి వెళ్ళిందంటే చాలు, పేపర్లోనూ ఫోన్లోనూ యూరప్ టూర్ల ప్రకటనలు మొదలవుతాయి. పది రాత్రులు, ఏడు దేశాలు అని ఒకరు. పన్నెండు రోజుల్లో తొమ్మిది దేశాలు అని ఇంకొకరు. ఆషాఢం తగ్గింపులో చీరలు కొన్నట్టు, అదే డబ్బుకి ఎన్ని ఎక్కువ వస్తే అంత లాభం అనిపించేలా రాస్తారు. మా ఇంట్లో కూడా ఈసారి వేసవికి యూరప్ వెళ్దామన్న మాట వచ్చింది. ఆ మాట మీద నెల రోజులుగా భోజనాల దగ్గర చర్చ నడుస్తోంది. అందులోంచి నాకు రెండు అభిప్రాయాలు గట్టిపడ్డాయి. ఒకటి, తక్కువ సెలవులతో వెళ్ళే కుటుంబం రెండు దేశాలకి మించి పెట్టుకోకూడదు. రెండు, ఆ రెండూ ఏవో, ఎలా వెళ్ళాలో తేల్చేటప్పుడు ఇల్లాలు కూడా పక్కన కూర్చుని లెక్క చూడాలి. "మీరు ఎక్కడికంటే అక్కడికే" అని వంటింట్లోకి వెళ్ళిపోకూడదు.

ముందు రోజుల లెక్క చూద్దాం. మావారికి ఒకేసారి ఎనిమిది సెలవులకి మించి ఇవ్వరు. శుక్రవారం రాత్రి బయల్దేరి, రెండు శని ఆదివారాలు కలుపుకుంటే పన్నెండు రోజులు చేతికొస్తాయి. వినడానికి బాగానే ఉంది. కానీ హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కి, దుబాయ్‌లోనో దోహాలోనో మారి, యూరప్‌లో దిగి, పెట్టెలు తీసుకుని హోటల్ చేరేసరికి శనివారం మధ్యాహ్నం దాటుతుంది. వేసవిలో పారిస్ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఏడైతే మన ఒంటికి రాత్రి పదిన్నర. పైగా ముందు రాత్రి నిద్ర లేదు. కాబట్టి ఆ శనివారాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. చివర్లో మంగళవారం తిరుగు విమానం, బుధవారం ఇల్లు, గురువారం ఆఫీసు. ఇక మిగిలింది ఆదివారం నుంచి పై వారం సోమవారం దాకా, తొమ్మిది రోజులు. పన్నెండు అనుకున్నది తొమ్మిదికి వచ్చింది.

ఇప్పుడు ఏడు దేశాల సంగతి. ఏడు దేశాలంటే ఆరుసార్లు ఊరు మారాలి. ఊరు మారడమంటే టికెట్ మీద రాసిన మూడు గంటలో నాలుగు గంటలో కాదు. పొద్దున్నే నలుగురి బట్టలూ సర్దాలి, ఛార్జర్లు మర్చిపోకుండా చూడాలి, గది ఖాళీ చెయ్యాలి, స్టేషన్‌కి చేరాలి. దిగాక కొత్త ఊళ్ళో దారి వెతుక్కోవాలి. అక్కడ హోటల్ వాళ్ళు మధ్యాహ్నం రెండో మూడో అయితే గానీ గది ఇవ్వరు. ఒక్కో మార్పుకి తక్కువలో తక్కువ అర రోజు వేసుకున్నా ఆరు మార్పులకి మూడు రోజులు పోయాయి. మిగిలింది ఆరు రోజులు, చూడాల్సింది ఏడు దేశాలు. దేశానికి ఒక్క రోజు కూడా రాదు. ఈ కూడికలూ తీసివేతలూ ప్రకటనలో ఉండవు. మనమే చేసుకోవాలి.

ఈ వరస కొత్తదేం కాదు. 1969లోనే దీనిమీద హాలీవుడ్‌లో ఒక హాస్య చిత్రం వచ్చింది. అమెరికా వాళ్ళు కొంతమంది బస్సెక్కి పద్ధెనిమిది రోజుల్లో తొమ్మిది దేశాలు చుట్టేస్తారు. ఆ సినిమా పేరే 'ఇఫ్ ఇట్స్ ట్యూస్‌డే, దిస్ మస్ట్ బి బెల్జియం'. ఇవాళ మంగళవారమైతే ఇది బెల్జియమే అయ్యుండాలి అని అర్థం. వారం చూస్తే తప్ప ఏ దేశంలో ఉన్నారో తెలియదన్నమాట. వాళ్ళకి దేశానికి రెండేసి రోజులు వచ్చాయి, అయినా నవ్వుకున్నారు. మనకి అమ్ముతున్నది అంతకంటే సగం.

నేను బీఏ తెలుగులో చదువుకున్న పుస్తకాల్లో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర ఒకటి. ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పదిహేను రోజులు. దారిలో ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ బస వసతిగా ఉంటుంది, ఎక్కడ దారి బాగాలేదు అన్నీ రాసుకుంటూ వెళ్ళారు. అంత తీరిక మనలో ఎవరికీ రాదు, అడగడం కూడా అన్యాయం. ఆయన పుస్తకం ఇప్పటికీ చదవబుద్ధి కావడానికి కారణం మాత్రం ఆలోచించదగ్గది. ఊళ్ళో ఆగారు కాబట్టి ఆ ఊరి గురించి చెప్పడానికి ఆయన దగ్గర ఏదో ఒకటి ఉంది. బస్సు కిటికీలోంచి చూసిన ఊరి గురించి మనం చెప్పగలిగేది ఫోటోలో ఉన్నదే.

దీనికి మావారు చెప్పిన ఎదురు మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "ఇంత ఖర్చు పెట్టి వెళ్తున్నాం. మళ్ళీ వెళ్తామో లేదో. దారిలోనే ఉన్నాయి కదా, బెల్జియం, హాలండ్ కూడా చూసేస్తే పోలా?" అన్నారు. షెంగెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలకి సరిపోతుంది. ఆ ఫీజు పెద్దవాళ్ళకి తొంభై యూరోలు. పన్నెండేళ్ళు నిండిన పిల్లలకీ అంతే. నలుగురికీ కట్టాక ఒకటి రెండు దేశాలతో సరిపెట్టుకోవడం నష్టమే అనిపిస్తుంది. కానీ ఖర్చు ఎక్కడ అవుతోందో చూస్తే లెక్క తిరగబడుతుంది. హోటల్, తిండి ఖర్చు రోజులని బట్టి అవుతుంది, దేశాలని బట్టి కాదు. దేశం పెరిగిన కొద్దీ అదనంగా పెరిగేది రైలు, విమాన ఛార్జీలే. అంటే తక్కువ చూడ్డానికి ఎక్కువ డబ్బు కడుతున్నాం. మళ్ళీ వెళ్ళకపోవచ్చన్నది నిజమే. అందుకే వెళ్ళిన ఒక్కసారీ పెట్టెలు సర్దడంతో గడిచిపోకూడదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అందరికీ సొంతంగా వెళ్ళడం కుదరదు. భాష భయం, తిండి భయం, వయసు మీద పడ్డవాళ్ళు వెంట ఉండటం, ఇలాంటివి ఉంటే గ్రూప్ టూరే మంచిది. రాత్రికి అన్నం పప్పు పెట్టే మేనేజరు వెంట ఉంటే సగం బెంగ తీరుతుంది. అలా వెళ్ళేవాళ్ళు దేశాల సంఖ్య చూడకుండా రెండు సంగతులు అడగండి. ఎన్ని హోటళ్ళు మారుతున్నాం, ఒక్కో హోటల్లో వరసగా ఎన్ని రాత్రులు ఉంటున్నాం? రెండోది, రోజువారీ పట్టికలో ఎక్కడెక్కడ లోపలికి టికెట్ ఉంది, ఎక్కడెక్కడ 'ఫోటో స్టాప్' అని రాసి ఉంది? ఫోటో స్టాప్ అంటే బస్సు దిగి, బయట నించుని ఫోటో తీసుకుని, మళ్ళీ బస్సెక్కడం. పట్టికలో అవే ఎక్కువుంటే ఆ టూర్ వదిలెయ్యడమే మేలు.

మా ఇంట్లో ఎలా తేల్చుకున్నామంటే, నలుగురం తలా ఒక్కటే చెప్పాలనుకున్నాం. చూడకుండా తిరిగొస్తే బాధపడేది ఒక్కటి. బొమ్మలు గీసే మా అమ్మాయి పారిస్ మ్యూజియాలు అంది. మావాడు మంచు కొండ అన్నాడు. మావారు రైలు ప్రయాణం అన్నారు. నాకు ఒక చెరువొడ్డున ఏ హడావిడీ లేకుండా ఒక పూట కూర్చోవాలని ఉంది. ఈ నాలుగూ ఫ్రాన్సు, స్విట్జర్లాండ్‌లలోనే తీరిపోతాయి. పారిస్‌లో నాలుగు రాత్రులు, ఇంటర్లాకెన్‌లో ఆరు రాత్రులు. మధ్యలో ఒక్కసారే ఊరు మారడం. ఇంటర్లాకెన్‌కి అటూ ఇటూ తూన్, బ్రియెంజ్ అని రెండు సరస్సులున్నాయి. అక్కణ్ణుంచే 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రాయోఖ్ స్టేషన్‌కి రైల్లో వెళ్ళొచ్చు. పెట్టెలు మాత్రం ఒకే గదిలో ఉంటాయి.

టికెట్ల దగ్గర ఒక్క ఉపాయం ఒక రోజుని మిగులుస్తుంది. రానూపోనూ ఒకే ఊరికి కొనకండి. పారిస్‌లో దిగి జూరిచ్‌లో ఎక్కేలా కొనండి. బుకింగ్ సైట్లలో 'మల్టీ సిటీ' అని ఉంటుంది. విమానం కోసం మళ్ళీ పారిస్ దాకా వెనక్కి వెళ్ళే పని తప్పుతుంది. ఊరు ఖాయమయ్యాక వారాలు చూసుకోవాలి. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసేస్తారు. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ కోట సోమవారం ఉండవు. మాకు అక్కడ ఉన్నవి ఆది, సోమ, మంగళవారాలు కాబట్టి ఆదివారం వెర్సాయ్, సోమవారం లూవ్ర్, మంగళవారం ఓర్సే అని సర్దాను. పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఈ రెండు మ్యూజియాల్లోనూ టికెట్ లేదు. స్విట్జర్లాండ్‌లో అమ్మానాన్నలకి స్విస్ ట్రావెల్ పాస్ కొంటే పదహారేళ్ళ లోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు. మావాడికి తొమ్మిదో తరగతి అయింది కాబట్టి వాడి టికెట్ ఖర్చు చాలా వరకు తగ్గింది. ఆ పాస్‌తో సరస్సు మీద పడవలు కూడా ఎక్కొచ్చు. మే నెలాఖరులో పారిస్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. కాబట్టి మధ్యాహ్నం ఒక గంట గదిలో నడుం వాల్చినా ఏమీ పోదు. నలభై దాటిన మన మోకాళ్ళకి ఆ గంట అవసరం.

వీసా విషయంలో కూడా తక్కువ దేశాలే సుఖం. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మాకు స్విట్జర్లాండ్ అవుతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. మామూలుగా పదిహేను రోజుల్లో తేల్చేస్తారు గానీ, ఒక్కోసారి నలభై ఐదు రోజులు కూడా పట్టొచ్చు. ముప్ఫై వేల యూరోలకి తగ్గకుండా ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. "లండన్ కూడా కలిపేద్దాం" అని ఎవరైనా అంటే, అది షెంగెన్‌లో లేదని, దానికి వేరే వీసా, వేరే ఫీజు అని గుర్తుచెయ్యండి. ఉన్న పాస్‌పోర్టు ఒక్కటే. అది ఒక వీసాకి వెళ్ళి తిరిగొచ్చాక ఇంకోదానికి పంపాలంటే నెలలు గడిచిపోతాయి.

ఆ దరఖాస్తు నింపుతుంటే ఒకచోట ఆగాను. మీ వృత్తి ఏమిటని ఒక గడి. అందులో గృహిణి అని రాశాను. ప్రయాణం ఖర్చు మీరే భరిస్తారా, స్పాన్సర్ భరిస్తారా అని ఇంకో గడి. రెండోదానికే టిక్కు పెట్టాలి. కాగితం మీద అది నిజమే, వాళ్ళకి కావలసింది బ్యాంకు స్టేట్‌మెంటు. కానీ మనలో చాలామంది ఆ టిక్కుని ఇంట్లో కూడా పెట్టేసుకుంటాం. డబ్బు వాళ్ళది, సెలవు వాళ్ళది, కాబట్టి ఊళ్ళ పేర్లు కూడా వాళ్ళవే అనుకుంటాం. కూరగాయల దగ్గర మిగిల్చిందీ, చీటీ పాడిందీ ఈ ప్రయాణంలోకే వెళ్తుంది. అది ఏ స్టేట్‌మెంటులోనూ కనపడదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, వెళ్ళాక ఆ పన్నెండు రోజులూ నడిపించేది ఎవరు? మాత్రలు ఎవరి సంచిలో ఉంటాయి? పిల్లాడికి ఆకలేస్తే ఎవరిని అడుగుతాడు? తడి బట్టలు ఎక్కడ ఆరెయ్యాలో ఎవరు చూడాలి? రోజుకో ఊరు మారితే ఉతికిన బట్టలు ఆరే లోపే పెట్టె మూసెయ్యాలి. ఈ సంగతి ఇల్లు నడిపే మనిషికే తడుతుంది. అందుకే ప్లాను వేసేచోట ఆవిడ ఉండాలంటున్నాను.

వంట గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. స్విట్జర్లాండ్‌లో బయట తినడం బాగా ఖరీదు, కాబట్టి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే డబ్బు మిగులుతుందన్నది సరైన సలహానే. అయితే ఆ మిగులు ఎవరి సెలవులోంచి వస్తోందో చూడాలి. పగలంతా తిరిగొచ్చాక అందరూ సోఫాలో కూలబడి, నేను కుక్కర్ పెట్టాలంటే అది నాకు సెలవు కాదు. మేం ఇంటర్లాకెన్‌లో అపార్ట్‌మెంటే తీసుకుంటున్నాం గానీ ఒక ఒప్పందం మీద. ఒక రాత్రి నేను, ఒక రాత్రి మావారు, ఒక రాత్రి పిల్లలిద్దరూ. పారిస్‌లో అసలు పొయ్యి ముట్టుకునేది లేదు, పొద్దున టిఫిన్ ఇచ్చే హోటల్ చూశాం. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ వెళ్తాయి. నెయ్యి డబ్బా, పాలకోవా మాత్రం పెట్టకండి. బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి తేనివ్వరు. స్విట్జర్లాండ్‌లో ఆదివారం దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. బియ్యం, పెరుగు, కూరలు శనివారమే కొనిపెట్టుకోవాలి.

ఇక అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సెలవు మావారిది కాదు, మా వదినగారిది. మా అత్తయ్యగారికి డెబ్భై ఆరేళ్ళు. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడని ఒక్కరినీ వదలలేం. రాజమండ్రిలో ఉన్న మా ఆడపడుచుగారు వచ్చి ఉంటానన్నారు. ఆవిడ బళ్ళో టీచరు. ఆవిడకి ఏడాదిలో తీరికగా దొరికేవి వేసవి సెలవులే. అందులోంచి పన్నెండు రోజులు మాకిస్తున్నారు. "అమ్మని నేను చూసుకుంటానులే. పన్నెండు రోజులంటే పన్నెండు రోజులే. అక్కణ్ణుంచి ఫోన్ చేసి ఇంకో రెండు రోజులు అనొద్దు" అని నవ్వుతూనే అన్నారు. అన్నమాట మాత్రం గట్టిగానే అన్నారు. మాకు దేశం ఒకటి పెరిగితే ఆవిడకి రోజులు పెరుగుతాయి. మన ఇళ్ళల్లో ఒక కుటుంబం విదేశం వెళ్ళిందంటే, ఇక్కడ ఇంకో ఆడమనిషి ఎవరో తన రోజులు ఇచ్చిందన్నమాటే. ఎల్టీసీలోనూ రాయరు, ఫోటోల కింద కూడా రాయరు. అది అప్పు. తీర్చాలి. దసరా సెలవుల్లో వదినగారు కాశీ వెళ్ళాలనుకుంటున్నారు. షుగర్ మనిషి కాబట్టి అన్నయ్యగారు ఆ పది రోజులూ మా ఇంట్లో ఉంటారు. టికెట్లు కొనకముందే ఈ మాట అనుకున్నాం.

రెండే దేశాలని తేలాక మావారు కొంచెం నిరుత్సాహపడ్డారు. ఆఫీసులో ఒకాయన నిరుడు ఎనిమిది దేశాలు చూసొచ్చారట. ఆయన భార్య నాకు పరిచయమే. ఏం బాగుందండీ అని అడిగితే, "అన్నీ బాగున్నాయి, ఏది ఎక్కడో గుర్తులేదు" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, టూర్ వాళ్ళనీ తిట్టలేదు. బస్సులో బాగా నిద్రపట్టిందని కూడా చెప్పింది. ఆ నిద్ర కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు కదా అని నాకనిపించింది.

మా అమ్మాయికి ఇంటర్ అయిపోయింది. మే మొదట్లో ఎంసెట్ రాస్తుంది, ఆ తర్వాత కౌన్సెలింగ్, కాలేజీ, ఎక్కడో హాస్టల్. మావాడికి జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు, వచ్చే ఏడు వాడికి పదో తరగతి. ఈ మధ్యలో దొరికిన పన్నెండు రోజులే నలుగురం కలిసి ఉండేవి. తర్వాత నలుగురి సెలవులూ ఎప్పుడు కలుస్తాయో చెప్పలేను. వాటిలో ఎక్కువ భాగం బస్సుల్లోనూ హోటల్ కౌంటర్ల దగ్గరా గడపడం నాకిష్టం లేదు. పిల్ల బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతానంటే అంతసేపు నిలబడనివ్వాలి. పిల్లాడు మంచులో తడిసి ముద్దయినా, మర్నాడు అదే గదిలో బట్టలు ఆరతాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాట వస్తే, ఆ ప్రకటన పక్కన పెట్టి ముందు గోడ మీది క్యాలెండర్ తియ్యండి. వెళ్ళే రోజూ వచ్చే రోజూ కొట్టెయ్యండి. ఊరు మారిన ప్రతిసారీ అర రోజు తగ్గించండి. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఎవరుంటారో, వాళ్ళకి ఎన్ని రోజులు వీలవుతుందో అడగండి. చివరికి ఎన్ని రోజులు మిగిలాయో చూసుకుని, అప్పుడు దేశాల పేర్లు రాయడం మొదలుపెట్టండి. ఆ పెన్ను మాత్రం మీ చేతిలో ఉండనివ్వండి.